వేరే డెబ్బై రెండు

ఆ వార్డులో ఒకరికి జ్వరం, ఒకరికి ఆయాసం, ఒకరికి తొంటి ఎముక విరిగింది, ఇంకొకరికి ఏమైందో ఎవరికీ తేలలేదు. గుండెలు మాత్రం అందరివీ ఒకే లెక్కన కొట్టుకునేవి, నిమిషానికి డెబ్బై రెండు. మంచం కాళ్ళ దగ్గర వేలాడే ఏ ఛార్టు తిప్పినా అదే అంకె. పడుచువాడికీ డెబ్బై రెండే, పండు ముసలికీ డెబ్బై రెండే. ఒకసారి పొద్దున్నే డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళిపోయిన మనిషికి, సాయంత్రం ఖాళీ మంచం మీద కూడా డెబ్బై రెండు కొట్టుకుంటూనే ఉంది. నలుగురు అన్నదమ్ముల మధ్య కనపడని ఐకమత్యం ఆ గుండెల మధ్య ఉండేది.

దీని వెనక రహస్యమేమీ లేదు. మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ, నిండు నిమిషం పాటు నాడి లెక్కపెట్టాలని నర్సింగ్ పుస్తకంలో ఉంది. పుస్తకానికేం, దానికి ఇరవై మంచాలు లేవు. డ్యూటీ మీద వచ్చిన విద్యార్థినులు రోగి మొహం చూసి, పర్వాలేదనుకుంటే డెబ్బై రెండు వేసేవాళ్ళు. ఎక్కువ రాస్తే ఎందుకు ఎక్కువని డాక్టరు అడుగుతాడు, తక్కువ రాస్తే ఎందుకు తక్కువని అడుగుతాడు. డెబ్బై రెండు రాస్తే తలూపి పక్క మంచానికి వెళతాడు. ఇంకేమీ అడిగే తీరిక లేని డాక్టరుకీ, చెప్పడం రాని నర్సుకీ మధ్య కుదిరిన రాజీ పేరు డెబ్బై రెండు.

ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. ఆ బ్యాచిలో అలాంటి పిల్ల ఒకతి ఉండేది. ఆమె పేరు హాజరు పట్టీకే పరిమితం. అందరూ పిలిచేది ‘మళ్ళీ’ అని. నాడి ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టేది. రెండు లెక్కలూ కలవకపోతే మళ్ళీ. మిగతావాళ్ళు ఛార్టులు నింపేసి టీ తాగి కప్పులు కడిగే వేళకి ఆమె నాలుగో మంచం దగ్గర ఉండేది.

ఇది సేవాభావమని ఎవరైనా పొంగిపోతారేమో, అదేం కాదు. వంశపారంపర్యంగా వచ్చిన జబ్బు. వాళ్ళ నాన్న బస్సు కండక్టరు. తలలు లెక్కపెడతాడు, తెగిన టిక్కెట్లతో పోలుస్తాడు, కలవకపోతే బస్సు పక్కకి ఆపించి మొదటి సీటు నుంచి మళ్ళీ మొదలెడతాడు. లెక్క మధ్యలో ఎవరైనా “కండక్టరు గారూ, ఇంకెంతసేపు” అంటే మాట్లాడడు, మాట్లాడితే అంకె పోతుంది. మొహం తిప్పకుండా అరచెయ్యి మాత్రం పైకెత్తుతాడు. ఆగమని అర్థం. ఆ అరచేతిని తిట్టని ప్రయాణికుడు ఆ రూట్లో లేడు. పిల్లకి చెయ్యి కూడా అలాగే లేచేది. తనకి తెలియకుండానే.

ఇలా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. నర్సింగ్ విద్యార్థినుల్లో ఆత్మవిశ్వాసం, తమకు తామే నాయకత్వం వహించుకునే లక్షణం కొరవడ్డాయనీ, నెలాఖరులోగా వాటిని పెంపొందించి నివేదిక పంపాలనీ దాని సారాంశం. పెంపొందించడానికి ఒక శిక్షకుణ్ణి కూడా పంపారు. ఎండలో కూడా కోటు విప్పడు కాబట్టి పిల్లలు ఆయనకి ‘కోటు సార్’ అని పేరు పెట్టారు.

“మీ నాయకురాలు ఎవరు?” అని అరిచాడు మొదటి రోజు.

“నేనే” అన్నారు హాల్లో ఉన్న పిల్లలంతా.

“వినపడలేదు.”

వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ మేడమ్ లేచింది. “అందరూ ఒకేసారి అనండమ్మా. ఎవరికి తోచినట్టు వాళ్ళు నాయకత్వం చేస్తే క్రమశిక్షణ ఏముంటుంది?”

కోటు సార్ సూత్రాలు చెప్పాడు. నిటారుగా నిలబడాలి. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి. సొంతంగా నిర్ణయాలు తీసుకోవాలి. ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పాలి, నీళ్ళు నమలకూడదు.

“ఎవరి కళ్ళలోకైనా చూడొచ్చా సార్?” అని అడిగింది క్లాసు లీడరు.

“ఎవరి కళ్ళలోకైనా.”

“పెద్ద డాక్టరు గారివి తప్ప” అంది మేడమ్ వెనక నుంచి. “నిర్ణయాలు కూడా ఒకసారి నాకు చెప్పి తీసుకోండి.”

తరవాత ఒక్కొక్కరూ వేదిక ఎక్కి తమ గురించి ఒక గొప్ప సంగతి చెప్పాలి. లీడరు ఎక్కి, తను ఎంతటి కష్టానికైనా ఎదురు నిలుస్తానని చెప్పి దిగింది. అంతకుముందు రోజే బల్లిని చూసి బాత్రూంలోంచి సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చిన సంగతి అందరికీ తెలుసు, అయినా చప్పట్లు కొట్టారు. తరవాత ‘మళ్ళీ’ వంతు వచ్చింది.

“నీలో నీకు నచ్చే గుణం ఏమిటమ్మా?”

“సరిగ్గా తెలీదు సార్. చూసి చెప్తాను.”

కోటు సార్ ఆమెకి సున్నాకి దగ్గరగా మార్కులు వేసి, లోపలి నాయకురాలు గాఢ నిద్రలో ఉందని పక్కన రాశాడు. మేడమ్ గదిలోకి పిలిచింది. నెలాఖరుకి తనిఖీ కమిటీ వస్తుంది. అప్పటికి ఆ నిద్రపోయేదాన్ని లేపకపోతే బ్యాచి పై ఏడాదికి వెళ్ళిపోతుంది, ఈమె మాత్రం జూనియర్ల పక్కన అదే బెంచీ మీద కూర్చుంటుంది. వార్డు పని మాటేమిటంటే, దానికి వేరే మార్కులు, అవి వార్డు పెద్ద సిస్టర్ వేస్తుంది. రెండూ ఉంటేనే పాసు.

లీడరు ఆమెకి హాస్టల్లో గది స్నేహితురాలు, మనసు మంచిదే. ఆ రోజు తలకి నూనె రాస్తూ బోధ చేసింది. “ఒసేయ్, గుండె అన్నాక కొట్టుకుంటుంది. నువ్వు చూస్తే ఒకలా చూడకపోతే ఒకలా కొట్టుకోదు. మొహం చూడు, అంకె వెయ్యి, ముందుకెళ్ళు. దాన్నే కాన్ఫిడెన్స్ అంటారు.”

“తప్పయితే?”

“తప్పవుతుందన్న అనుమానం లేకపోవడమే కదే కాన్ఫిడెన్స్ అంటే. క్లాసులో నిద్రపోయావా?”

కోటు సార్ పుస్తకం మొత్తం వెతికినా ఇంతకన్నా మంచి నిర్వచనం దొరకదని నా అభిప్రాయం.

నాన్నకి ఫోన్ చేసింది. ఆయన విషయమంతా విని, “లేటవుతోందని తిడుతున్నారా?” అన్నాడు.

“రోజూ నాన్నా.”

“అయితే లెక్క సరిగ్గానే వస్తున్నట్టు” అని, బస్సు కదులుతోందని పెట్టేశాడు.

వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి రెండు తరాల గుమాస్తాల వేళ్ళు వంచినవాడు, అందరికీ టైపు తాత. ఆయన గుండె తిన్నగా నడవదు. నాలుగడుగులు వేసి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, మళ్ళీ నడుస్తుంది. దానికో మాత్ర ఉంది. నాడి అరవైకి తగ్గితే ఆ పూట మాత్ర ఇవ్వకూడదు, ఇస్తే గుండె ఇంకా నెమ్మదిస్తుంది. అందుకని పెద్ద సిస్టర్ మాత్ర చేతిలో పట్టుకుని, ఛార్టులో అంకె చూసి, అప్పుడు ఇచ్చేది. తాత మంచం ఎప్పుడూ మళ్ళీకే వేసేది. ఎందుకో చెప్పలేదు. ఆ వార్డులో డెబ్బై రెండు కాని అంకెలు రాసేది ఎవరో ఆమెకి తెలుసు. మిగతావాళ్ళ సంగతీ తెలుసు, కానీ మందలించాలంటే ముందు తను చదువుకునే రోజుల్లో రాసిన డెబ్బై రెండులు గుర్తుకొచ్చేవి కాబోలు, ఊరుకునేది.

“మధ్యలో ఒక అక్షరం ఎగురుతోంది కదూ” అనేవాడు తాత, ఆమె చెయ్యి పట్టుకోగానే. “రిబ్బను పాతదైపోయిందమ్మా.”

తనిఖీ కమిటీ వచ్చిన పూట ఆమె తాత మణికట్టు పట్టుకుని ఉంది. గడియారం ముల్లు సగం దూరం వచ్చింది. తలుపు తెరుచుకుని పెద్ద డాక్టరు, ఆయన వెనక చిన్న డాక్టర్లు, వాళ్ళ వెనక మేడమ్, కోటు సార్, ముగ్గురు కమిటీ సభ్యులు ఊరేగింపుగా వచ్చారు. వార్డులో ఉన్న విద్యార్థినులంతా స్ప్రింగులు పెట్టినట్టు లేచారు. ఈమె లేవలేదు.

“ఈయన పల్స్ ఎంత?” అన్నాడు పెద్ద డాక్టరు.

మొహం తిప్పకుండా ఆమె అరచెయ్యి పైకెత్తింది.

పెద్ద డాక్టరు ఎదుట చెయ్యెత్తిన ప్రాణి ఆ ఆస్పత్రి చరిత్రలో లేదు. మేడమ్ మొహం కందిపోయింది. “ఏయ్, నీకసలు బుద్ధి...” అని మొదలెట్టింది. అంతలో కమిటీలో పెద్దావిడ చేతులు కట్టుకుని, “అద్భుతం” అంది. “చూశారా, పెద్ద డాక్టరు గారైనా సరే ఆగాల్సిందే. తన పనికి తానే నాయకురాలు. ఇదండీ మేం కోరుకున్నది.”

“...బుద్ధిమంతురాలండీ ఈ పిల్ల” అని ముగించింది మేడమ్. వాక్యం మధ్యలో అంత వేగంగా మలుపు తీసుకున్న బండిని నేనింకెక్కడా చూడలేదు. పెద్ద డాక్టరు కూడా, కమిటీ నవ్వుతోంది కాబట్టి, నవ్వాడు. కోటు సార్ ఫోటో తీశాడు. అందరూ చప్పట్లు కొట్టి బయటికి వెళ్ళిపోయారు.

నిమిషం పూర్తయింది. “అరవై ఆరు” అంది ఆమె తలెత్తి. ఎదురుగా ఎవరూ లేరు.

“అడిగినవాళ్ళు వెళ్ళిపోయారు” అన్నాడు తాత. “నాకు చెప్పు, నేను వింటాను.”

ఆ చెయ్యి గోడెక్కింది. కాలేజీ గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఎదురుగా మనిషంత ఫోటో, కింద పెద్ద అక్షరాలతో ‘నా నాయకురాలిని నేనే’. కోటు సార్ మార్కుల కాగితంలో నిద్రపోతున్న నాయకురాలు ఒక్కసారిగా మేల్కొని నూటికి నూరూ తెచ్చుకుంది. పిల్లలు ఆమెని ‘మళ్ళీ’ అనడం మానేసి ‘చెయ్యి’ అనడం మొదలెట్టారు.

జబ్బు అంటుకుంది. పెద్ద డాక్టరు రౌండ్లకి వస్తే మంచం మంచానికీ ఒక అరచెయ్యి లేచేది. చెయ్యి దింపాక అడిగితే వచ్చే జవాబు మాత్రం పాతదే, డెబ్బై రెండు. ఒక పిల్ల దుప్పటి మడతపెడుతూ చెయ్యెత్తింది. ఇంకొకతి మెస్సులో సాంబారు గిన్నె దగ్గర చెయ్యెత్తి, వెనక వరసని ఆపి, ముక్కలన్నీ ఏరుకుంది. చివరికి మేడమ్ ఒక నోటీసు అంటించింది. ఆత్మవిశ్వాసంతో చెయ్యెత్తదలచినవారు ముందుగా అనుమతి తీసుకోవలెను.

అసలు చెయ్యికి మాత్రం తీరిక లేకుండా పోయింది. కమిటీ పెద్దావిడ మిగతా కాలేజీల వాళ్ళని కూడా వెంటబెట్టుకుని మళ్ళీ వస్తానంది. వాళ్ళ ముందు ప్రదర్శన. వేదిక మీద మంచం, మంచం మీద ఆఫీసు గుమాస్తా రోగి, మేడమ్ డాక్టరు. మేడమ్ వస్తుంది, అడుగుతుంది, ఈమె చెయ్యెత్తుతుంది. రోజూ రిహార్సలు.

“చెయ్యి ఇంకాస్త పైకి అమ్మా” అనేవాడు కోటు సార్. “వెనక వరసకి కనపడాలి. మొహం ఇటు తిప్పు.”

“మొహం తిప్పితే లెక్క పోతుంది సార్.”

“లెక్కతో మనకేం పని?”

ప్రదర్శన రోజు సాయంత్రం వార్డులో ఆమెకి మంచాలు మిగిలిపోయాయి. హాల్లోంచి కబురు మీద కబురు. కమిటీ వచ్చేసింది, రమ్మంటున్నారు. లీడరు తలుపు దగ్గర నిలబడి, “చంపేస్తున్నారే బాబూ, త్వరగా రా” అంటోంది. ఆమె తాత మంచం దగ్గరికి వచ్చింది. తాత కళ్ళు మూసుకుని ఉన్నాడు, మొహం ప్రశాంతంగానే ఉంది. ఛార్టు అందుకుంది. పెన్ను దానంతటదే డెబ్బై రెండు వేసింది. ఇంత సులువా అనిపించిందట, ఆ తరవాత లీడరుకి చెప్పింది.

హాలు నిండిపోయి ఉంది. వేదిక మీద గుమాస్తా చెప్పులు విప్పి పడుకున్నాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. అలవాటు చొప్పున వేళ్ళు నాడిని వెతుక్కున్నాయి, నోరు లోపల్లోపల లెక్క మొదలెట్టింది. ఒకటి, రెండు, మూడు. గుమాస్తా గుండె గడియారంలా కొట్టుకుంటోంది, ఒక్క అక్షరమూ ఎగరడం లేదు. మేడమ్ తెల్లకోటు వేసుకుని గంభీరంగా వచ్చింది.

“ఈయన పల్స్ ఎంత?”

చెయ్యి లేవలేదు. ఆమె గుమాస్తా చేతిని నెమ్మదిగా పరుపు మీద పెట్టింది.

“మళ్ళీ వస్తాను మేడమ్” అని వేదిక దిగి నడవడం మొదలెట్టింది. తలుపు దాటాక పరిగెత్తింది.

ఆ పరుగులో ఆమెకి తెలిసింది ఏమిటంటే, వార్డు మార్కులు పోతాయి. తప్పుడు అంకె వేశానని ఒప్పుకున్న పిల్లని పెద్ద సిస్టర్ పాసు చెయ్యదు. చెప్పకపోతే రెండు మార్కులూ దక్కుతాయి, పై ఏడాది దక్కుతుంది. తాతకి ఏమీ కాకపోవచ్చు కూడా. కాకపోవచ్చన్న మాట ఆ కండక్టరు ఇంట్లో ఎప్పుడూ చెల్లలేదు.

వార్డులో పెద్ద సిస్టర్ ఒక చేత్తో నీళ్ళ గ్లాసు, ఒక చేత్తో మాత్ర పట్టుకుని తాత మంచం దగ్గర నిలబడి ఉంది.

“ఈ పిల్ల ఇవాళ నా చెయ్యి పట్టుకోలేదు సిస్టరు” అంటున్నాడు తాత.

“మీరు నిద్రపోయుంటారు. డెబ్బై రెండని రాసింది, మంచిదేగా.”

“నిద్రెక్కడమ్మా, కళ్ళు మూసుకుని వాళ్ళ హడావుడి వింటున్నాను.”

“సిస్టర్, ఆగండి” అంది ఆమె వగరుస్తూ. “మాత్ర ఇవ్వకండి. నేను చూడలేదు. ఊరికే రాసేశాను.”

పెద్ద సిస్టర్ ఆమెని ఎగాదిగా చూసింది. తిట్టలేదు. గ్లాసు కింద పెట్టి, “నువ్వు కూడానా తల్లీ” అంది. తిట్టినా బాగుండేది.

ఆమె మంచం అంచున కూర్చుని తాత మణికట్టు పట్టుకుంది. నాలుగడుగులు, ఒక ఆగుడు, మళ్ళీ నడక. నిమిషం అయింది. ఆమె మొహంలో రంగులు మారాయి. మళ్ళీ మొదలెట్టింది. ఇంకో నిమిషం.

“ఎంత?” అంది పెద్ద సిస్టర్.

“డెబ్బై రెండు.”

తాత ముందు నవ్వాడు. పెద్ద సిస్టర్ నవ్వు ఆపుకుంటూ చేతిలో మాత్ర తాత వైపు చాపింది. “దీనికా ఇంత పరుగు? రాసింది సరిగ్గానే ఉందిగా. పో, ప్రదర్శన చేసుకో పో.”

“లేదు సిస్టర్” అంది ఆమె. ఛార్టు అందుకుని, ముందు వేసిన డెబ్బై రెండుని ఒక గీతతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, దాని కింద డెబ్బై రెండు అని రాసింది. “అది వేరే డెబ్బై రెండు.”

పెద్ద సిస్టర్ ఆ రెండు అంకెల వైపు కాసేపు చూసింది. మాత్ర మళ్ళీ డబ్బీలో వేసింది. స్టూలు లాక్కుని కూర్చుని, ఎన్నాళ్ళకో తన వేళ్ళు తాత మణికట్టు మీద పెట్టింది.

అప్పుడే మేడమ్, కోటు సార్, కమిటీ పెద్దావిడ తలుపు తోసుకుని వచ్చారు. “ఏమిటిది?” అంది మేడమ్. “హాలంతా నా మొహం చూస్తోంది, ఈ పిల్ల ఇక్కడ...”

పెద్ద సిస్టర్ వెనక్కి తిరగకుండా అరచెయ్యి పైకెత్తింది.

కమిటీ పెద్దావిడ అలవాటుగా చప్పట్లకి చేతులు లేపింది. ఎవరూ కలవకపోయేసరికి దించేసింది. ఆ నిమిషం చాలా పొడుగ్గా ఉంది. ఫోటో తియ్యడానికి ఏమీ లేదు.

“డెబ్బై ఒకటి” అంది పెద్ద సిస్టర్.

“నాకు డెబ్బై రెండు వచ్చింది సిస్టర్” అంది పిల్ల.

“అయితే మళ్ళీ చూడు.”

కోటు సార్ ఆ రాత్రే ఆమె మార్కుల్లో సగం కోశాడు. ఆత్మవిశ్వాసం ఉన్నవాళ్ళు రాసిన అంకెని కొట్టేసి అదే అంకె మళ్ళీ రాయరని ఆయన వాదన. అది తర్కానికి నిలిచే మాటే. మేడమ్ ఆమెని ఫెయిల్ చెయ్యాలని గట్టిగా అనుకుంది, కానీ గుమ్మంలో మనిషంత ఫోటో ఉంది. ఫెయిలైన పిల్ల ఫోటో కింద ‘నా నాయకురాలిని నేనే’ అని ఉంటే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? చివరికి ఆమె భవిష్యత్తుని ఆమె నిజాయితీ కాదు, గోడకి కొట్టిన మేకులు కాపాడాయి. వార్డు మార్కులు పెద్ద సిస్టర్ వేసింది, ఎన్ని వేసిందో నాకు తెలియదు గానీ పాసుకి సరిపోయాయి.

ఆ వార్డు మారిపోయిందని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. ఇప్పటికీ డెబ్బై రెండులు పూస్తూనే ఉంటాయి. కాకపోతే పెద్ద సిస్టర్ మాత్ర చేతిలో పట్టుకుని ఒక ప్రశ్న అడగడం మొదలెట్టింది. “ఇది చూసిన డెబ్బై రెండా, రాసిన డెబ్బై రెండా?” లీడరు అంతటి ధైర్యవంతురాలు కూడా ఆ ప్రశ్నకి నీళ్ళు నములుతుంది. నమిలి, వెళ్ళి చెయ్యి పట్టుకుంటుంది.

ప్రదర్శన జరిగిన మర్నాడు పొద్దున తాత మంచం దగ్గర ఆమె గడియారం చూస్తూ కూర్చుంది.

“ఒక సందేహం అమ్మాయ్” అన్నాడు తాత. “మధ్యలో ఎగిరిపోయే ఆ అక్షరం ఉంది చూడు, దాన్ని లెక్కలో వేస్తారా, వదిలేస్తారా?”

ఆమె అరచెయ్యి పైకెత్తింది.